లీకేజీ పరిశీలకురాలు

రాజమండ్రిలోని ప్రాంతీయ ధ్వని భాండాగారంలో మూడువేల పైచిలుకు టేపులున్నాయి. వాటిని వినడానికి ఒక్క మనిషి ఉన్నాడు. ఆ మనిషికి ఒక్క చెవే వినపడుతుంది. తప్పు చెవిది కాదు, హెడ్‌ఫోన్‌ది. దాని ఎడమవైపు మూగబోయి ఆరేళ్లయింది. కుడివైపు ఇంకా కొనప్రాణంతో ఉంది.

ఆ మనిషి పేరు గెడ్డం కృపాదానం. హోదా ధ్వని పరిశీలకుడు. ఒకప్పుడు ఎవరెవరో పల్లెలు తిరిగి పట్టుకొచ్చిన పాటల టేపుల్ని ఒక్కొక్కటే విని, మాటల్ని కాగితం మీదికి ఎక్కించి, ఇందులో అభ్యంతరకరమైనదేమీ లేదని సంతకం పెట్టడం అతని పని. ఆ సంతకం పడేదాకా ఏ టేపుకూ నకలు తియ్యకూడదని పద్నాలుగో నియమం. నకలు తీసే యంత్రం లేక కాదు. బంగారం లాంటి యంత్రం ఉంది. దానికి ముసుగు వేసి ఉంచుతారు. శుక్రవారం శుక్రవారం అటెండరు వీరయమ్మ ఆ ముసుగు దులుపుతుంది. వినకుండా నకలు తీస్తే, ఖర్మం చాలక టేపులో ఒక బూతు ఉంటే, అది రెండు బూతులవుతుందని నియమం రాసిన పెద్దల భయం. సెల్‌ఫోన్లు కూడా గేటు దగ్గరే బుట్టలో పడేసి లోపలికి రావాలి, ప్రభుత్వ ధ్వనిని ఎవరూ జేబులో వేసుకుపోకుండా.

కృపాదానానికి వచ్చిన చిక్కల్లా 417వ టేపుతో. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలవ గట్టున నడుస్తూ పడవల్ని తాళ్లతో లాగిన రోజుల్లో, ఆ లాగేవాళ్ల ముందు నడిచిన పోలయ్య అనే ఆయన పాడిన పాట అది. పోలయ్య ఒక మాట అంటాడు, వెనక తాడు పట్టినవాళ్లు ‘ఐస’ అంటారు. మజిలీకొక చరణం. మొత్తం పదకొండు మజిలీలని సేకరించినాయన పెట్టె మీద పెన్సిలుతో రాశాడు. పోలయ్య పోయాడు, తాళ్లు పోయాయి, లాగుడు పడవలూ పోయాయి. పాట మాత్రం ఈ ఒక్క టేపు మీద మిగిలింది.

కృపాదానం ఒంటిచెవితో ఆరు మజిలీలు రాయగలిగాడు.

ధవళేశ్వరం కాడ తాడెత్తుకుంటే – ఐస
తాడు రాసిన మచ్చ పుట్టుమచ్చాయె – ఐస

అని మొదలై, కడియం, ద్వారపూడి, అనపర్తి లాంటివన్నీ దాటి, ఆరో మజిలీకి బిక్కవోలు వచ్చింది.

బిక్కవోలొచ్చింది, బిక్కమొగమొద్దు – ఐస
ఎక్కినోడికి లేని ఏడుపు నీకేల – ఐస

ఆ తర్వాత ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. గాలి చప్పుడో, పాత టేపు బుసబుసో, ఆ కుడివైపు గరగరో, పడవ బిక్కవోలు దగ్గర ఆగిపోయింది. మళ్లీ మళ్లీ విందామా అంటే, టేపు తిరిగినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుతోంది. ఆ పొడి మరేదో కాదు, పాటే. ఇంకో ఇరవైసార్లు తిరిగితే ఉత్త ప్లాస్టిక్కు మిగులుతుందని అతని లెక్క. రెండు చెవులా వినపడే మంచి హెడ్‌ఫోన్ ఉంటే ఒకటి రెండుసార్లు వింటే చాలు. పడవ కాకినాడ చేరిందో లేదో తెలియక ఆ మనిషికి అన్నం సయించడం లేదు. పదకొండేళ్ల సర్వీసులో ఏమీ అడగనివాడు, మొదటిసారిగా ఒక అర్జీ పెట్టాడు. ‘దయతో ఒక మంచి హెడ్‌ఫోన్ ఇప్పించగలరు.’

ఆ అర్జీ సూపరింటెండెంటు పేర్రాజు గారి బల్ల మీదికి వెళ్లింది. పేర్రాజు గారు నియమాలు తప్ప వేరే పుస్తకం చదవని మనిషి. అందువల్ల ఆయనకు అనుమానాలు లేవు. సరుకు తెచ్చే దుకాణం మనిషి నమూనాగా రెండు రకాలు తెచ్చి చూపించాడు. ఒకటి తెరిచినది, అంటే చెవికప్పు వెనక జల్లెడలాంటి జాలీ ఉంటుంది. రెండోది మూసినది, కప్పు వెనక గట్టి మూత ఉంటుంది. పేర్రాజు గారు కృపాదానాన్ని పిలిచారు.

“ఏది కావాలండి?”

“ఏదైనా పరవాలేదు సార్. రెండూ మంచివే.”

“ ‘ఏదైనా’ అనే వస్తువు మన రిజిస్టర్లో లేదండి. కోరిక స్పష్టంగా ఉండాలి. తేడా ఏంటో చెప్పండి, నోట్ పుటప్ చేస్తాను.”

కృపాదానం అమాయకుడు కాబట్టి నిజం చెప్పాడు. “తెరిచిన దాంట్లో పాట సహజంగా, ఎదురుగా నిలబడి పాడినట్టు వినపడుతుంది సార్. కాకపోతే కొంచెం బయటికి కారుతుంది. పక్కవాళ్లకి కూడా సన్నగా వినపడుతుంది. మూసిన దాంట్లో బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు.”

ఆ నాలుగు మాటలూ అనకుండా ఉంటే ఈ కథ లేదు.

పేర్రాజు గారి నోట్ మూడు పేజీలు వచ్చింది. ‘మూసిన సాధనము ధరించిన ఉద్యోగి, పై అధికారి గంట కొట్టినప్పుడు వినలేకపోవును. ఇది క్రమశిక్షణకు సంబంధించిన అంశము. తెరిచిన సాధనము ధరించినచో, ఇంకను ధ్రువీకరింపబడని ధ్వని అనర్హుల చెవిన పడును. ఇది గోప్యతకు సంబంధించిన అంశము. రెంటిలో ఏది చిన్న దోషమో నిర్ణయించుటకు సంఘము వేయవలసియున్నది.’ డైరెక్టరు సచ్చిదానందం గారు దాని కింద ‘ప్రాధాన్యము గల విషయము’ అని రాశారు. ఆయనకు సంఘాలంటే ప్రాణం. ఆ విధంగా శ్రవణ సాధన ఎంపిక సంఘం పుట్టింది.

సంఘంలో డైరెక్టరు గారు అధ్యక్షులు, పేర్రాజు గారు కార్యదర్శి, సాంకేతిక నిపుణుడిగా డాక్టర్ ప్రభంజన్. ఈ ప్రభంజన్ గారు దానవాయిపేటలో పళ్ల డాక్టరు. ఇంటినిండా ఖరీదైన హెడ్‌ఫోన్లే. పేషెంటు నోరు తెరిచి కూర్చుంటే, ఒక చేత్తో పన్ను పీకుతూ రెండో చేత్తో వైర్ల గొప్పతనం వివరించే రకం. పాట ఏమిటని ఆయన ఎన్నడూ అడగడు. అది ఎక్కడినుంచి వినపడుతోందన్నదే ఆయనకు ముఖ్యం. కృపాదానాన్ని సంఘంలో వెయ్యలేదు. వాడబోయేవాడే ఎంపిక చేస్తే అది పక్షపాతమట.

మొదట గంట పరీక్ష జరిగింది. మూసిన హెడ్‌ఫోన్‌ను పేర్రాజు గారే తగిలించుకుని శ్రవణ గదిలో కూర్చున్నారు. రెండు గదుల అవతల డైరెక్టరు గారు తన బల్ల మీద గంట కొట్టారు. పదకొండుసార్లు కొట్టారు. పేర్రాజు గారు కదల్లేదు.

“సార్, ఆ గంట హెడ్‌ఫోన్ లేకపోయినా ఇక్కడికి వినపడదు సార్. ఎప్పుడూ వీరయమ్మ గారే వచ్చి పిలుస్తారు,” అన్నాడు కృపాదానం తలుపు బయటనుంచి.

ఆ మాటా రికార్డయింది. ‘లోపము పూర్వమునుండియే కలదని, హెడ్‌ఫోన్ వలన అది బయటపడినదని తేలినది.’ ఇక అధికారి గంటకు స్పందించని ఉద్యోగికి మెమో ఇవ్వడం ఆనవాయితీ. మెమోలు ఇచ్చేది పేర్రాజు గారే. ఆయన తనకు తాను ఒక మెమో ఇచ్చుకుని, మూడురోజుల్లో సంజాయిషీ రాసుకుని, అది సంతృప్తికరంగా లేదని తేల్చుకుని, ఇకముందు జాగ్రత్తగా ఉండవలసిందని తనను హెచ్చరించుకున్నారు. ఆ రోజు సాయంత్రం ఆయన ముఖంలో నిజంగానే కాస్త పశ్చాత్తాపం కనిపించింది.

తర్వాత లీకేజీ పరీక్ష. ధ్వని ఎంత దూరం కారుతుందో కొలవాలంటే అవతల ఒక అనర్హమైన చెవి ఉండాలి. ఆఫీసులో ఏ ధ్రువీకరణ అధికారమూ లేని చెవులు పలివెల వీరయమ్మవి మాత్రమే. ఇరవై రెండేళ్లుగా ఆఫీసు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంటోంది. సెల్‌ఫోన్ల బుట్ట, టీ గ్లాసులు, ముసుగు దులపడం, అన్నీ ఆవిడే. ఆవిణ్ని లీకేజీ పరిశీలకురాలిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది.

“నాకేటి తెలుసండి, నన్నెందుకండి?” అంది వీరయమ్మ.

“తెలియదు కాబట్టే నువ్వు పనికొస్తావు,” అన్నారు పేర్రాజు గారు.

పరీక్షకు ఏ టేపు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. వేరే ఏదైనా టేపు పెట్టమని కృపాదానం చేతులు జోడించాడు.

“అలా కుదరదండి,” అన్నారు డైరెక్టరు గారు, ఎంతో దయగా. “ఏ ప్రయోజనం కోసం సాధనం కొంటున్నామో ఆ ప్రయోజనం మీదే పరీక్షించాలి. వేరే టేపు మీద పరీక్షిస్తే, వేరే టేపుకి కొన్నట్టవుతుంది.”

“టేపు అరిగిపోతోంది సార్. తిరిగినప్పుడల్లా పొడి రాలుతోంది. అరిగిపోకముందే విందామనే కదా సార్ అడిగాను.”

“అరిగిపోతోంది కాబట్టే కొనుగోలు అత్యవసరం. ఆ పొడి కూడా ప్రభుత్వ ఆస్తే. పేర్రాజు గారూ, పొడిని కవరులో భద్రపరిచి నెంబరు వెయ్యండి.”

సంఘసభ్యుల్లో ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకునేవారు. వీరయమ్మ ఒక బార దూరంలో కూర్చునేది. పాట మొదటినుంచి చివరిదాకా తిరగాలి, సగం వింటే అది నమూనా కాదు. తర్వాత రెండు బారలు. తర్వాత మూడు బారలు. తర్వాత నాలుగు. ఆపైన ముందు, వెనక, కుడి, ఎడమ. మొత్తం ఎనిమిది. తెరిచిన దానికి ఎనిమిదైతే మూసిన దానికీ ఎనిమిది ఉండాలి, లేకపోతే ఒక వస్తువుకు అన్యాయం జరిగినట్టు. పదహారుసార్లు పడవ ధవళేశ్వరంలో బయలుదేరింది. పదహారు కవర్ల పొడి బీరువాలోకి వెళ్లింది. కృపాదానం తలుపు బయట నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. ఎంపిక పూర్తికాక మునుపు పరిశీలకుడి చెవిన పాట పడితే, ఎంపిక ముందే జరిగిపోయినట్టని తలుపు వేసేశారు.

తెరిచిన దాని వంతులో ప్రతిసారీ లోపల ఒకటే సంభాషణ.

“వినపడిందా?” అనేవారు పేర్రాజు గారు.

“వినపడిందండి.”

“స్పష్టంగానా, అస్పష్టంగానా?”

“సుబ్బరంగా వినపడిందండి. ఆ పోలయ్యనే ఆయన ఏవంటన్నాడంటే...”

“అది చెప్పకూడదు.” పేర్రాజు గారు చెయ్యెత్తి ఆపేసేవారు. “ధ్రువీకరణ కాని మాట నీ నోట రాకూడదు. వినపడిందో లేదో చెప్పు, అంతే.”

విన్నది ఎవరికీ చెప్పనని వీరయమ్మ చేత కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. ఆవిడ మాటంటే మాటే. టీ తెచ్చినప్పుడు కృపాదానం దిగులు ముఖం చూసి ఏదో అనబోయి, సంతకం గుర్తొచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయేది.

ఇక నిపుణుల వారి వంతు వచ్చింది. కొత్త హెడ్‌ఫోన్‌ను వంద గంటలపాటు ఆపకుండా మోగిస్తే గానీ దాని గొంతు విప్పుకోదని, అంతదాకా తాను అభిప్రాయం చెప్పలేనని డాక్టర్ ప్రభంజన్ గారు భీష్మించారు. వంద గంటలు 417వ టేపునే తిప్పుతారేమోనని కృపాదానం భయపడ్డాడు. పేర్రాజు గారు అడ్డుకోలేదు. అదృష్టవశాత్తూ డైరెక్టరు గారు అడ్డుకున్నారు. తన వార్షికోత్సవ ఉపన్యాసాలు రికార్డయి ఉన్నాయని, వాటికంటే నిడివైనది ఈ భాండాగారంలో లేదని సెలవిచ్చారు. రెండు హెడ్‌ఫోన్లూ బల్ల మీద పడుకుని వంద గంటలు డైరెక్టరు గారి ఉపన్యాసాలు విన్నాయి. తర్వాత ప్రభంజన్ గారు పెట్టుకుని చూసి, తెరిచినది నీరసించిందనీ, మూసినది ఏం వినిపించినా ‘ఈ శుభసందర్భంలో’ అన్నట్టే వినిపిస్తోందనీ నివేదిక ఇచ్చారు. ఆ రెండో వాక్యాన్ని పేర్రాజు గారు కొట్టేశారు.

ఆఖరుగా ముగ్గురు సభ్యులూ రెండు హెడ్‌ఫోన్ల మీదా ఆ పాటే విన్నారు. అంటే మరో ఆరుసార్లు. తెరిచిన దాని వంతు వచ్చినప్పుడల్లా లీకేజీ పరిశీలకురాలు యథాస్థానంలో ఉండాల్సిందే. డైరెక్టరు గారు కళ్లు మూసుకుని విన్నారు. కాసేపటికి గురక కూడా వినపడింది. పేర్రాజు గారు గడియారం చూస్తూ విన్నారు. ప్రభంజన్ గారు ‘ఐస’ అన్నవాళ్లు ఎందరో, ఎవరు ఎడమన ఉన్నారో, ఎవరు కుడిన ఉన్నారో కాగితం మీద చుక్కలు పెట్టి చూపించారు. పోలయ్యకు మూడడుగుల వెనక ఒకాయన కుంటుతున్నాడని కూడా కనిపెట్టారు. అంత సూక్ష్మంగా విన్న మనిషిని పాటలో మాటలేమిటని కృపాదానం ఆశగా అడిగితే, “మాటలా? మాటలు చూళ్లేదండీ,” అన్నారు.

సంఘం తీర్మానం వచ్చింది. రెండు దోషాల్లోనూ ఏదీ చిన్నది కాదు. కాబట్టి రెండు గుణాలూ కలవాలి. కుడిచెవికి తెరిచినది, గంట వినడానికి. ఎడమచెవికి మూసినది, గోప్యతకు. దుకాణం మనిషి రెండు హెడ్‌ఫోన్లనూ విప్పి, సగం సగం కలిపి మరలు బిగించి ఇచ్చాడు. అది చూసి ప్రభంజన్ గారు “పై పళ్లు ఒకరివీ, కింది పళ్లు ఇంకొకరివీ పెట్టి నమలమన్నట్టుంది సార్,” అని రాజీనామా ఇచ్చేశారు. దాన్ని సంఘం పరిశీలనలో ఉంచింది.

ఒక సోమవారం ఉదయం కొబ్బరికాయ కొట్టి ఆ హెడ్‌ఫోన్‌ను కృపాదానానికి అప్పగించారు. అతను చేతులు తుడుచుకుని, కాగితాలు సర్దుకుని, టేపు ఎక్కించి, మీట నొక్కాడు. చక్రాలు తిరిగాయి. కుడిచెవిలో ఫ్యాను చప్పుడు వినపడింది. ఎడమచెవిలో ఏమీ వినపడలేదు. టేపు అద్దంలా తళతళలాడుతూ చివరిదాకా తిరిగి, తోక కొట్టుకుంటూ ఆగింది. ధవళేశ్వరం లేదు, తాడు లేదు, పోలయ్య లేడు.

కృపాదానం పరుగున వెళ్లి చెప్పాడు. డైరెక్టరు గారు కంగారు పడలేదు. “ధ్వని ఎక్కడికీ పోలేదండి. ఇరవై రెండు కవర్లలో భద్రంగా ఉంది. పేర్రాజు గారూ, టేపు బరువు, పొడి బరువు కలిపి తూయించండి.” తూయించారు. మొదటి బరువుతో సరిపోయింది. ‘వస్తువు రూపము మారినది. తరుగు లేదు’ అని రిజిస్టర్లో రాశారు.

కృపాదానం శ్రవణ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. చేతకానితనానికి తనమీద తనకే కోపం వచ్చింది. నియమం లేదు గియమం లేదని ఆ మొదటి రోజే ముసుగు లాగిపారేసి నకలు తీసి ఉంటే ఎవరు ఉరి తీసేవారు? భయపడ్డాడు. తన భయానికి ఒక పాట బలైంది. బల్ల మీద తల పెట్టుకుని అతను ఏడ్చాడు.

వీరయమ్మ టీ పట్టుకొచ్చి గుమ్మంలో ఆగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. ఈసారి వెళ్లిపోలేదు.

“కిరపాదానం గారూ. ఏడవకండి బాబూ. సంతకం ఎట్టాను గానండి, మడిసి ఏడుత్తుంటే ఏం సంతకమండి?” అని, గొంతు తగ్గించి అందుకుంది.

మేడపాడున మేడ మనకెందుకన్నా
నీడ పాటున కాస్త నిలబడితె చాలు

కృపాదానం తలెత్తాడు. బిక్కవోలు తర్వాత మేడపాడు. పడవ కదిలింది.

“నీకు... మొత్తం వచ్చా?”

“రాక సత్తాదాండి? ఆ జాలీదాంట్లో అన్నిమాట్లు ఇన్నాను. నిద్దట్లో కూడా అదే వత్తంది.”

అతను కలం అందుకునేలోపే తలుపు దగ్గర పేర్రాజు గారు కనిపించారు. ధ్రువీకరణ కాని ధ్వని ఒక ఉద్యోగి నోటినుంచి రావడం ఆయన స్వయంగా విన్నారు. గంటలో మెమో తయారైంది. ‘మీ ఆధీనములో నున్నట్లు తెలియవచ్చిన ప్రభుత్వ ధ్వనిని మూడు దినములలోగా యథాతథముగా, లోటుపాట్లు లేకుండ, సంఘము సమక్షమున అప్పగింపవలసినది.’

మెమో చదివించుకుని వీరయమ్మ ఆలోచించింది. “అప్పగిత్తానండి, నాకేటి. కాకపోతే ఇచ్చేసినా నా కాడ ఉండిపోద్ది కదండి.”

పేర్రాజు గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని మర్నాడు ఆయనే చెప్పుకున్నారు. ఇచ్చినవాడి దగ్గర తగ్గాలి, పుచ్చుకున్నవాడి దగ్గర పెరగాలి. ఇచ్చినా తరగని వస్తువుకు ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. చివరికి, అప్పగించిన తక్షణమే పాటను మర్చిపోయినట్టు ఆవిడ చేత రాయించుకుందామన్నారు.

“రాసిత్తానండి,” అంది వీరయమ్మ. “ఏది మర్చిపోయానో గుర్తెట్టుకోవాలంతే.”

మూడోరోజు డైరెక్టరు గారి గదిలో అప్పగింత. రాజీనామా ఇంకా పరిశీలనలోనే ఉంది కాబట్టి ప్రభంజన్ గారిని కూడా పిలిపించారు. అప్పగించేది రాసుకోవడానికి ఒకరు కావాలి కదా, కృపాదానాన్ని మూల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఈ రోజు పడవ కాకినాడ చేరకపోతే ఇక ఎన్నటికీ చేరదు.

వీరయమ్మ చీర చెంగు నడుముకు దోపి, గొంతు సవరించి, మొదటి మాట అని ఆగిపోయింది.

“ఏమైంది?” అన్నారు పేర్రాజు గారు.

“వెనకమాల ‘ఐస’ అనేవోళ్లు లేరండి. వాళ్లనకపోతే తాడు కదలదు. ఒక ముక్కయితే కూనిరాగం తీత్తాను గానండి, మొదట్నుంచీ అంటే నాకు రెండో మాట రాదండి.”

అబద్ధం కాదు. పని పాటలన్నీ అంతే, బదులు పలికేవాళ్లుంటేనే ముందుకు సాగుతాయి. ఆ సంగతి కృపాదానానికి తెలుసు. పేర్రాజు గారు నియమాల పుస్తకం తిరగేశారు. అధికారులు ‘ఐస’ అనవచ్చని లేదు. అనకూడదనీ లేదు. డైరెక్టరు గారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, “సంఘ సభ్యులు ‘ఐస’ అనుటకు తీర్మానించడమైనది. రాసుకోండి,” అన్నారు.

మళ్లీ మొదలెట్టింది. ముగ్గురూ ‘ఐస’ అన్నారు.

“ఇలాక్కాదండి,” అంది వీరయమ్మ. “కూకుని అంటే ఎక్కినోళ్లు అన్నట్టుంది. లెగండి. నడవాలి.”

లేచారు. డైరెక్టరు గారి పెద్ద బల్ల చుట్టూ వీరయమ్మ ముందు నడిచింది. వెనక డైరెక్టరు గారు, ఆయన వెనక పేర్రాజు గారు, ఆయన వెనక పళ్ల డాక్టరు. ద్వారపూడి దాటేసరికి డైరెక్టరు గారు కోటు విప్పేశారు. అనపర్తి దగ్గర ప్రభంజన్ గారి ‘ఐస’ శ్రుతిలో పడింది. బిక్కవోలు వచ్చేసరికి పేర్రాజు గారు పుస్తకం బల్ల మీద పడేసి, ఒంగి, భుజం మీద లేని తాణ్ని రెండు చేతులా పట్టుకుని లాగుతున్నారు. మేడపాడు దాటింది. సామర్లకోట వచ్చింది.

సామర్లకోటలో సాయంత్రమాయె – ఐస
సాపాటు మాటెత్తు సావుకారేడి – ఐస

కృపాదానం కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కన్నీళ్లు తుడుచుకోవడానికి తీరిక లేదు. అందరికీ చెమటలు పట్టాయి. వీరయమ్మ గొంతు పెంచి ఆఖరి మజిలీ అందుకుంది.

కాకినాడొచ్చింది, కట్టరా పడవ – ఐస
కూకున్న దొర అనెను, నేనె తెచ్చాను – ఐస
తాడునడిగితె తాడు తలవంచుకుంది – ఐస
నీళ్లనడిగితె నీళ్లు నిజము చెప్పాయి – ఐస

నలుగురూ ఆగారు. రొప్పుతూ బల్ల అంచు పట్టుకున్నారు. “చేరిందండి,” అంది వీరయమ్మ కృపాదానం వైపు చూసి. అతను తల ఊపాడు. ఆ పూట అతను రెండు గిన్నెల అన్నం తిన్నాడు.

మధ్యాహ్నానికి పేర్రాజు గారు భుజం నొక్కుకుంటూనే మినిట్సు రాసి తెచ్చారు. ‘సంఘము జరిపిన నిర్విరామ కృషి ఫలితముగా పాట తిరిగి లభించినది. ఆ సమయమున అటెండరు శ్రీమతి వీరయమ్మ హాజరుగా నుండిరి.’

కృపాదానం చదివాడు. ఇంకోసారి చదివాడు. పొద్దుట రాసుకున్న ఆఖరి చరణం పక్కనే ఉంది. అతను ధ్రువీకరణ పత్రం తీశాడు. ‘పాడినవారు’ అన్నచోట ‘పోలయ్య. ఆయన తర్వాత పలివెల వీరయమ్మ’ అని సిరాతో రాశాడు. ‘వినుటకు వాడిన సాధనము: తెరిచినది / మూసినది’ అన్నచోట రెండూ కొట్టేసి ‘చెవులు’ అని రాశాడు.

“అలా రాయకూడదండి,” అన్నారు పేర్రాజు గారు. “ఆ గడిలో చెవులు లేవు.”

“పద్నాలుగో నియమం ప్రకారం సంతకం నాది సార్,” అన్నాడు కృపాదానం. “ఇలాగే ఉంటే పెడతాను. లేకపోతే పెట్టను. నేను పెట్టకపోతే నకలు లేదు, మీ నిర్విరామ కృషీ లేదు.”

పేర్రాజు గారు పుస్తకం తెరిచి పద్నాలుగో నియమం చూశారు. నియమం నియమమే. పైగా ఆయన పొద్దుట తాడు లాగిన మనిషి. “మినిట్సు కూడా తిరగరాసి తెస్తానుండండి,” అని కాగితం వెనక్కి తీసుకున్నారు.

శుక్రవారం నాడు వీరయమ్మ యథాప్రకారం ముసుగు దులపడానికి వస్తే, కృపాదానం ముసుగే తీసేశాడు. నకలు తియ్యడానికి టేపులో ఏమీ లేదు కాబట్టి ఆవిణ్నే మైకు ముందు నిలబెట్టాడు. ఈ పద్ధతికి అనుమతి ఉందా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన ఇద్దరూ ఆవిడ వెనక వరసలో నిలబడి ఉన్నారు. పేషెంట్లను ఒక గంట ఆగమని చెప్పి ప్రభంజన్ గారూ వచ్చారు. కృపాదానం మీట నొక్కి, కలం జేబులో పెట్టుకుని, వరస చివర తనూ చేరాడు.

వీరయమ్మ వెనక్కి తిరిగి నలుగురినీ ఒకసారి చూసుకుని, ధవళేశ్వరం దగ్గర తాడెత్తుకుంది.